రాహుకాలంలో దొరికిన సెలవు

నేను ఒక రబ్బరు బుష్షును. అలా మొహం చిట్లించకండి. మినపగారె తెలుసు కదా, మధ్యలో చిల్లుతో? అదే ఆకారం, ఇంచుమించు అదే లావు. కాకపోతే నన్నెవరూ పెరుగులో నానబెట్టరు. కారు ముందు చక్రాన్ని పట్టుకుని ఒక ఇనప చెయ్యి ఉంటుంది. ఆ చెయ్యి కారు ఒంటికి అతుక్కునే చోట, భుజం కీలు అనుకోండి, అక్కడ నన్ను కూరుస్తారు. రోడ్డు మీద గుంట వస్తే ముందు చక్రానికి తెలుస్తుంది, తరవాత ఆ చేతికి తెలుస్తుంది, ఆ తరవాత నాకు తెలుస్తుంది. నా దగ్గర ఆగిపోవాలి. మీదాకా రాకూడదు. కారులో కాళ్ళు బారజాపుకుని "ఈ రోడ్డు పర్వాలేదే" అని మీరు ఎన్నిసార్లు అనుంటారు! ఆ రోడ్డు ఎప్పుడూ బాగోలేదు. కింద మావాడెవడో పళ్ళు బిగబట్టుకుని ఉన్నాడు, అంతే.

మాది గొప్ప వంశం. మా అమ్మ కేరళ కొండల్లో రబ్బరు చెట్టు. ఒకసారి మదమెక్కిన ఏనుగొకటి పరుగెత్తుకొచ్చి అమ్మను కుమ్మిందట. కుమ్మిన ఏనుగు కుమ్మినట్టే వెనక్కి ఎగిరి పక్క జిల్లాలో పడిందట. ఆ జిల్లావాళ్ళు ఆకాశం నుంచి దిగిన ఏనుగని దండం పెట్టి, పట్టుబట్ట కప్పి, ఉత్సవాల్లో ఊరేగిస్తున్నారట. నమ్మకం కుదరని వాళ్ళు వెళ్ళి ఆ ఏనుగునే అడగవచ్చు. అది కాదంటే అప్పుడు నాతో మాట్లాడండి.

అంత స్వేచ్ఛగా పుట్టిన అమ్మకు నేను ఎంత ఇరుగ్గా పుట్టానో చెబుతాను. అమ్మ పాలలో మసీ గంధకమూ కలిపి, కాగే అచ్చులో పోసి నొక్కారు. అచ్చు తెరిచాక చుట్టూ చూసుకుంటే లోపల ఒక ఇనప గొట్టం, బయట ఒక ఇనప కడియం, మధ్యలో నేను. రెండింటికీ నా చర్మం అంటుకుపోయి ఉంది. లోపలి గొట్టం గుండా బోల్టు దూరి కారుకు బిగుస్తుంది కనుక అది కదలదు. బయటి కడియం ఇనప చేతిలో బిగుస్తుంది కనుక చెయ్యి ఊగినప్పుడల్లా అది తిరుగుతుంది. ఒక గోడ తిరుగుతుంది, ఒక గోడ తిరగదు, మధ్యవాడు మెలిపడతాడు. మీ ఇళ్ళలో తల్లికీ పెళ్ళానికీ మధ్య కూర్చుని అన్నం తినే మగవాడిది ఇదే ఉద్యోగం. ఆయన అప్పుడప్పుడు వీధరుగు మీదికైనా వెళ్ళి కూర్చుంటాడు. నాకు అరుగు లేదు.

రాజమండ్రిలో ఒక విడిభాగాల దుకాణంలో అట్టపెట్టెలో చాలాకాలం పడుకున్నాను. నా పక్కనే ఇంకో పెట్టెలో నా కవల ఉండేవాడు. ఒక బుధవారం పొద్దున్న ఇద్దరు మనుషులు మమ్మల్నిద్దర్నీ కొనుక్కుని, సంచిలో వేసుకుని, బస్సెక్కి, గోదావరి దాటించి తీసుకుపోయారు. ఆత్రేయపురం దాపున, కాలవగట్టు మీద ఒక ఊరు. ఇంటి వెనక కొబ్బరితోట, తోట మొదట్లో రేకుల షెడ్డు, షెడ్డులో ఒక ముసలి తెల్లకారు.

ఆ ఇద్దరిలో పెద్దవాడు తాతబ్బాయి, కారు యజమాని. కొబ్బరితోట కౌలుకు చేస్తాడు. మాట నెమ్మది, నడక నెమ్మది. అతన్ని చూడగానే నాకేదో చుట్టరికం కలిసినట్టనిపించింది. రెండోవాడు అతని బావమరిది పోసిబాబు. ఫోనులో ఎవడో దొర కారు కిందికి దూరి బుష్షులు మార్చే వీడియో చూసి, తనకూ వచ్చేసిందని ధైర్యం తెచ్చుకున్నవాడు.

"మెకానిక్కు శబరిమల నుంచి వచ్చేదాకా ఆగితే పోయేది కదరా," అన్నాడు తాతబ్బాయి.

"ఆయన మాల తీసేసరికి మా అక్క యాపారం తీసెయ్యాలి బావా. నువ్వు లైటు పట్టుకో చాలు, మిగతాది నే చూసుకుంటా."

"నువ్వు చూసుకుంటావనే భయం."

పోసిబాబు అన్న ఆ వ్యాపారం సంగతి వినండి, దానికోసమే నేను ఆ ఊరు వచ్చింది. తాతబ్బాయి భార్య మంగతాయారు పూతరేకులు తీస్తుంది. బోర్లించిన కుండ కింద కొబ్బరాకు మంట, పైన పల్చటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డ ఒక్క లాగు. కుండ మీద పొర ఉండిపోతుంది. దాన్ని చేత్తో లేపితే అవతల దీపం కనపడేంత పల్చని రేకు. ఇన్నాళ్ళూ ఆ రేకుల్ని ఊళ్ళో దళారికి పోసేది. అతను తన పేరున్న డబ్బాల్లో పెట్టి పట్నానికి అమ్ముకునేవాడు. ఈమధ్యే తాయారు ధైర్యం చేసి నేరుగా పెళ్ళిళ్ళకు ఇవ్వడం మొదలుపెట్టింది. రాజమండ్రిలో భద్రం అనే వంటమేస్త్రి, పందిట్లోనే అతిథుల ఎదుట రేకులు చుట్టి వడ్డించే ఏర్పాటు ఒకటి కనిపెట్టాడు. చుట్టని రేకులు డబ్బాలకెత్తి తెచ్చివ్వమన్నాడు.

మొదటిసారి ఇదే తెల్లకారులో తీసుకువెళ్ళారు. అరిగిపోయిన బుష్షులు, గట్టు రోడ్డు, గుంట గుంటకీ ఢక్కుమని దెబ్బ. మూత తీస్తే డబ్బాలో రేకుల్లేవు, నూక ఉంది. భద్రం గుప్పెడు తీసి చేతిలో ఆడించి, "దీన్ని ఉప్మా చెయ్యమంటావా అమ్మాయ్?" అన్నాడట. "గురువారం రాత్రి పెద్ద పెళ్ళుంది. ఒక్కసారి చూస్తాను. అదీ ఇలాగే వస్తే ఇక నువ్వు రాకు, పాత మనిషి దగ్గరే తీసుకుంటాను." పాత మనిషంటే దళారి. అంటే మళ్ళీ తాయారు రేకులు అతని పేరు మీద ప్రయాణం చేస్తాయి.

ఇదీ పందెం. ఆ పందెం భారం మొత్తం గారెంత నా ఒంటి మీద పెట్టారు.

వచ్చిన రోజునే నాకు జైలు. కడియం కాస్త కుంచించుకుపోతే ఇనప చేతి కొసనున్న చిల్లులో, దాన్నే కన్ను అంటారు, సులువుగా దూరుతుందని ఫోనులో దొర చెప్పాడట. పోసిబాబు మమ్మల్నిద్దర్నీ ఫ్రిజ్‌లో, మంచుగూట్లో పెట్టాడు. అక్కడ వరదలనాటి పులస ముక్కలు ఉన్నాయి. తాతబ్బాయి తల్లి సూరమ్మ, అల్లుడు వచ్చినప్పుడు వండుదామని దాచినవి. ఆ పులస తల నన్ను కన్నార్పకుండా చూసింది. "ఏ ఏట్లోంచి వచ్చావు?" అంది. "అడవిలోంచి," అన్నాను. "నేను సముద్రం నుంచి గోదావరికి ఎదురీది వచ్చాను. ఆఖరికి ఈ గూట్లో పడ్డాను. నువ్వెంత దూరం ఈదావు?" అని అడిగింది. "నేనసలు ఈదను, ఉన్నచోటే ఉండటమే నా పని," అన్నాను. చేప తెల్లవార్లూ నన్ను జాలిగా చూసింది. చచ్చిన చేప జాలిపడిందంటే నా స్థితి ఎలాంటిదో మీరే ఆలోచించండి.

పొద్దున్న సూరమ్మ చేప కోసం కాదు, మంచుముక్క కోసం గూడు తెరిచి కెవ్వుమంది.

"ఒసే తాయారూ! ఫ్రిజ్జులో టైరు ముక్కలేటే? అన్నం తినే ఇల్లా, పంచర్ల షాపా?"

"మీ అబ్బాయినడగండత్తయ్యా. నా పనిమీద ఉన్నాను నేను."

"నా కొడుక్కేం తెలుసు పాపం. నీ తమ్ముడి బుర్రే అది."

"నా తమ్ముడికి బుర్రుందని ఒప్పుకున్నారు, అంతే చాలు," అంది తాయారు కుండ మీంచి చెయ్యి తీయకుండానే.

ఆ గోలకి పోసిబాబు మమ్మల్నిద్దర్నీ మంచుముక్కలతో సహా ఒక గిన్నెలో వేసుకుని షెడ్డుకు తెచ్చాడు. అక్కడ కారు ముందుభాగాన్ని జాకీ మీద లేపి చక్రాలు ఊడదీశారు. ఇనప చేతులు విప్పి బయటికి తెచ్చారు. ఎడమ చేతి కంటిలో నాకు ముందరివాడు కూర్చుని ఉన్నాడు. చీలికలు పడ్డ ముసలి బుష్షు. పోసిబాబు సుత్తీ గొట్టం ముక్కా పెట్టి బాదాడు. ముసలాయన కదల్లేదు. తాతబ్బాయి బాదాడు. అప్పుడూ కదల్లేదు. తుప్పు అంత గట్టిగా కావలించుకుంది.

"కాల్చెయ్యాలి బావా, రబ్బరు కాలిపోతే ఇనుము కోసెయ్యచ్చు," అని పోసిబాబు ఆ చేతిని పట్టుకుపోయి తాయారు రేకుల పొయ్యిలో దూర్చబోయాడు.

"ఒరేయ్! ఆ కంపు రేకులకి పడితే నిన్నే చుట్టి పంపుతాను పెళ్ళికి!" తాయారు కొబ్బరిమట్ట ఎత్తింది. వాడు ఆ చేతినీ మా గిన్నెనీ పట్టుకుని తోట చివరికి పరుగెత్తాడు.

అక్కడ ఎండుటాకులు పోగుచేస్తుండగా, ముసలి బుష్షుకూ నాకూ కాసేపు మాటలయ్యాయి. ఆయన కూడా నాలాగే గొప్పలు చెప్పే రకం. పెళ్ళికొడుకునీ, వాళ్ళ మేనత్తలందర్నీ, ఒక మేకనీ, బ్యాండు డప్పునీ ఒక్క ట్రిప్పులో మోశానన్నాడు. దారిలో వంతెన కూలిపోతే కారు గాల్లో దూకి అవతలి గట్టున దిగిందనీ, ఆ దెబ్బ తానొక్కడే మింగాననీ, మేక నెమరు కూడా ఆపలేదనీ అన్నాడు. నేను మా ఏనుగు సంగతి చెప్పాను. ఇద్దరం ఒకరిని ఒకరు నమ్మినట్టు నటించాం. పెద్దమనుషుల మర్యాద అంతే కదా.

మంట అంటించబోతుంటే ఆయన గొంతు మారింది.

"ఒక్క నిజం చెబుతాను విను. బోల్టు బిగించేటప్పుడు చక్రం నేల మీద ఉండాలి. కారు బరువు దిగి, చెయ్యి తన మామూలు ఎత్తులో నిలబడ్డాక బిగించాలి. చక్రం గాల్లో వేలాడుతుండగా బిగించారో, ఆ వేలాడే భంగిమే నీకు విశ్రాంతి అని రాసేస్తారు. ఆ తరవాత కారు దిగుతుంది, చెయ్యి పైకి లేస్తుంది, నువ్వు మెలి తిరిగి అలాగే ఉండిపోతావు. ఆగినా మెలే, నడిచినా మెలే. నన్ను అలాగే బిగించారు. అందుకే ఇంత త్వరగా చీలిపోయాను."

"ఈ సంగతి వాళ్ళతో ఎలా చెప్పను?"

"చెప్పలేవు. అదే మన బతుకు," అన్నాడు. పొగ లేచింది.

నన్ను మంచుగిన్నెలోంచి తీసి, కాల్చిన ఇనప కంటి దగ్గరికి తెచ్చారు. నున్నగా జారడానికి ఏం పూయాలా అని పోసిబాబు చూపు తాయారు నేతిగిన్నె మీదికి పోయింది. ఆవిడ చూపు వాడి మీదికి పోయింది. వాడు బుద్ధిగా సబ్బునీళ్ళు తెచ్చాడు. పొడుగుపాటి బోల్టు ఒకటి నా గుండా దూర్చి, రెండువైపులా గొట్టం ముక్కలు ఆనించి, నట్టు తిప్పుతూ నన్ను లోపలికి లాగారు. తిప్పినకొద్దీ వెలుతురు తగ్గింది. కొబ్బరాకులు, షెడ్డు కప్పు, తాతబ్బాయి చెమట మొహం, అన్నీ ఒక నాణెమంత అయ్యాయి, తరవాత అదీ పోయింది. చుట్టూ ఇనుము. ఊపిరి పీల్చుకుందామన్నా ఒళ్ళు సాగదు. మీరు రైలు డబ్బాలో ఎప్పుడైనా చెయ్యి పైకెత్తి నిలబడి, దాన్ని మళ్ళీ కిందికి దించడానికి చోటు లేక స్టేషన్లు లెక్కపెట్టుకున్నారా? నాకు స్టేషన్లు కూడా లేవు.

కుడి చేతిలో నా కవలనూ అలాగే కూర్చి, చేతుల్ని కారుకు తగిలించి బోల్టులు దూర్చారు. ఇక చక్రాలు తొడిగి, కారు దించి, అప్పుడు బిగించాలి. పోసిబాబు చక్రం తొడిగాడు కూడా. నాలో ఆశ కదిలింది. సరిగ్గా అప్పుడు సూరమ్మ గోడ కేలండరు చేతిలో పట్టుకుని షెడ్డులోకి వచ్చింది.

"గురువారం రా ఇయ్యాల. ఒంటిగంటన్నరకి రాహుకాలం. ఈలోపు బిగించేయండి."

"దించి బిగించాలి అత్తయ్యా, ఫోన్లో ఏదో చెప్పేడు, అది మళ్ళీ చూసి..."

"రాహుకాలంలో బిగించింది నిలవదురా! నా పెళ్ళికి మీ మావయ్య మంచం మేకు రాహుకాలంలో కొట్టేడు. ఆ మంచం ఎన్నిసార్లు కూలిందో నీకు చెప్పకూడదు."

"అమ్మా, మావాడి ముందు ఆ కథలెందుకు," అని తాతబ్బాయి కంగారుపడ్డాడు.

"అయితే బిగించు. టైమైపోతంది."

ఎదురు చెప్పలేని మగవాళ్ళిద్దరూ పానాలు తీసుకున్నారు. చక్రం ఇంకా గాల్లోనే వేలాడుతోంది. నేను లోపల అరిచాను. రబ్బరు అరుపు మీకు వినపడదు. వినపడితే ఈ దేశంలో ఏ కారూ నడవదు. బావా బావమరిదీ పోటీపడి బిగించారు. నట్టు ఆఖరి చుట్టు చుట్టి కిర్రుమంది. సూరమ్మ తృప్తిగా గడియారం చూసుకుంది.

జాకీ దించారు.

కారు బరువు నెమ్మదిగా కిందికి దిగింది. చెయ్యి పైకి లేచింది. లోపలి గొట్టం నన్ను కిందికి పట్టుకుంది, బయటి కడియం నన్ను పైకి లాగింది. వెనక్కి చూడమని ఎవరో మెడ తిప్పి, తిప్పినచోట తాళం వేసి, తాళంచెవి కాలవలో పారేసినట్టు ఉంది. కారు కదలడం లేదు, రోడ్డు లేదు, గుంట లేదు. అయినా నా ఒళ్ళంతా పీకుతోంది. ఇక ఎప్పటికీ ఇలాగేనని ముసలాయన చెప్పింది ఇదే.

రాహుకాలం పోయేదాకా ప్రయాణం కుదరదంది సూరమ్మ. మూడు గంటలకు బయలుదేరితే పొద్దుండగా రాజమండ్రి చేరవచ్చు. సరేనంది తాయారు. కానీ ఆవిడ మనసు నిలవలేదు.

"ఒక రేకు ఒళ్ళో పెట్టుకుని కాలవ లాకుల దాకా వెళ్ళొస్తాను. చూద్దాం."

"రాహుకాలంలోనా?"

"ప్రయాణం కాదత్తయ్యా. పరీక్ష."

పళ్ళెంలో ఒక్క రేకు పెట్టుకుని తాయారు ముందు సీట్లో కూర్చుంది. తాతబ్బాయి నడిపాడు. కాలవగట్టు ఎక్కిన మొదటి గుంటకే నాకు తెలిసిపోయింది. ముందే మెలి తిరిగి ఉన్నవాడు ఇంకెంత మెలి తిరుగుతాడు? ఇచ్చుకోవడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. దెబ్బ నన్ను దాటుకుని పైకి వెళ్ళిపోయింది. అంత పెద్ద కారులో అది సరిగ్గా ఆ పళ్ళాన్నే వెతుక్కుంటూ వెళ్ళింది. రేకు నిట్టనిలువునా విరిగింది. లాకులు కనబడకముందే తాయారు, "వెనక్కి తిప్పండి," అంది. ఆ గొంతు వినడం కంటే ఏనుగు కుమ్మడం నయం.

షెడ్డు దగ్గర యుద్ధం.

"కొత్తవి ఏస్తే బాగవుద్దన్నావు! పాతవే నయంరా!"

"నేనేసింది కరెక్టే బావా. నీ కారే ముసల్ది."

"కారు ముసల్దా? నీ ఫోను ముసల్ది."

"పోనీ నువ్వే ఏసుకోవాల్సింది."

"నన్ను లైటు పట్టుకోమన్నావు కదా!"

తాయారు దిగి, కారుకు ఎదురుగా కాస్త దూరం వెళ్ళి నిలబడింది. కారు ముక్కు ఇదివరకటికంటే పైకెత్తి ఉంది, ఎవరిమీదో అలిగినట్టు. ఆవిడ వంగి చక్రం పక్కనుంచి నా వైపు తొంగి చూసింది. నా ఒంటి మీద మెలి గీతలు పడి ఉన్నాయి, తడిబట్ట పిండినట్టు.

"తమ్ముడూ, ఇది బిగించేటప్పుడు చక్రం కిందుందా, పైనుందా?"

"ఏలాడతంది. ఏం?"

"రేకు మడత ఎప్పుడు వేస్తాను నేను? తడిబట్ట అద్ది, మెత్తబడి, పళ్ళెంలో సాపుగా కూర్చున్నాక. గాల్లో ఏలాడతా ఉన్నదానికి మడతేస్తే, కింద పెట్టగానే పెట్లిపోద్ది. నువ్వు దీనికి గాల్లో మడతేసేవురా."

పోసిబాబు ఫోను తీశాడు. వీడియో మళ్ళీ పెట్టాడు. దొర చక్రం నేల మీద పెట్టాకే బిగిస్తున్నాడు. "ఇక్కడికి వచ్చేసరికి నేను ముందుకి జరిపేసేనక్కా," అన్నాడు నెమ్మదిగా.

విప్పి మళ్ళీ బిగించాలి, అదీ కారు నాలుగు చక్రాల మీదా నిలబడి ఉండగా. నిలబడి ఉన్న కారు కిందికి మనిషి దూరేదెలా? అప్పుడు తాతబ్బాయి జీవితంలో మొదటిసారి బావమరిదికంటే ముందు మాట్లాడాడు. "తోటలోకి పోనిచ్చి, బోదె మీద నిలబెడదాం," అన్నాడు. కొబ్బరి వరసల మధ్య నీళ్ళు పారే కాలవను వాళ్ళు బోదె అంటారు. చక్రాలు అటొక గట్టున, ఇటొక గట్టున. మధ్యలో బోదెలో మనిషి. పోసిబాబు చొక్కా విప్పి బురదలో వెల్లకిలా పడుకున్నాడు. కప్ప ఒకటి వాడి పొట్ట మీదికి ఎక్కి దిగింది.

"ఆగండ్రా!" కేలండరుతో సహా సూరమ్మ వచ్చింది. "రాహుకాలంలో ముట్టుకోవద్దన్నానా?"

తాయారు అత్తగారి ఎదుట నిలబడింది. "అత్తయ్యా, మూడుకి మొదలెడితే ఈ తుప్పు బోల్టులు ఊడేసరికే పొద్దుపోద్ది. భద్రంగారు చూడరు. రేపట్నుంచి మళ్ళీ ఆ దళారి డబ్బాలో నా రేకులు. మీకు ఇష్టమైతే చెప్పండి, ఇప్పుడే మానేస్తాను."

 బోదెలో కప్ప కూడా ఆగింది. తాతబ్బాయి తల్లివైపు చూశాడు, పెళ్ళాం వైపు చూశాడు, చివరికి నా వైపు చూశాడు. అతన్ని నాకంటే బాగా అర్థం చేసుకున్నవాడు ఆ తోటలో ఇంకెవడూ లేడు.

సూరమ్మ కేలండరు మడిచి చంకలో పెట్టుకుంది.  ముసలావిడ కళ్ళు మెరిశాయి.

"బిగించడానికే కదే దోషం? రాహువు పట్టుకునేవాడు. సూర్యుణ్ణి పట్టుకుంటాడు, చంద్రుణ్ణి పట్టుకుంటాడు. వదిలెయ్యడానికి ఆయన అడ్డెందుకొస్తాడు? విప్పండి. విప్పి ఉంచండి. మూడు కొట్టగానే బిగిద్దురు గాని."

"అత్తయ్య లాయరైపోవల్సిందక్కా," అంది బోదెలోంచి గొంతు.

"నువ్వు నోరు మూసుకుని విప్పరా, బురదపందీ."

పానా పడింది. బోల్టు మొరాయించింది, గీపెట్టింది, ఆఖరికి వదిలింది. నా లోపలి గొట్టం సర్రున తిరిగి తన చోటికి వచ్చింది. మెలి విడిపోయింది. అయ్యా, ఆ క్షణం గురించి నేను కోతలు కోయలేను. కోయాలంటే మాటలు చాలవు. ఒంట్లో ఏ మూలా ఏ లాగుడూ లేదు. నిలబడ్డ కారు కింద, బురదనీళ్ళ మీది వెలుతురు నా మీద పడి ఆడుతోంది. పైన ఆకులు కదులుతున్నాయి. పోసిబాబు బోదెలో అలాగే పడుకుని పాటేదో కూనిరాగం తీశాడు. గట్టు మీద తాతబ్బాయి కొబ్బరిబోండాలు కొట్టాడు. అత్తా కోడలూ ఒకే చాప మీద కూర్చుని రేకుల మధ్య కాగితాలు పెట్టారు. అందరూ చేతులు ముడుచుకుని, ఈ చెడ్డ ఘడియ ఎప్పుడు పోతుందా అని ఎదురు చూస్తున్నారు. నేనొక్కణ్ణి అది పోకూడదని కోరుకున్నాను. నేను పుట్టాక ఎవరూ నన్ను పట్టుకోని సమయం అదొక్కటే. పంచాంగాలు రాసేవాళ్ళు ఎప్పుడూ బుష్షును అడిగి రాయరు.

సూరమ్మ గడియారం చూసింది. "మూడైంది. కానివ్వండి. ఆ పైవాణ్ణి తలుచుకుని బిగించు."

బిగించారు. ఈసారి మెలి లేదు, నొప్పి లేదు. కానీ బిగించారు. శుభఘడియలో, దేవుణ్ణి తలుచుకుని, పసుపు బొట్టు కూడా పెట్టి, నన్ను శాశ్వతంగా లోపల వేశారు. ఖైదు ఖైదే. గోడకు నిటారుగా ఆనుకుని కూర్చోనిచ్చే ఖైదు, అంతే తేడా.

గట్టు రోడ్డు ఎక్కాం. తాయారు వెనక సీట్లో డబ్బాల మధ్య ఇరుక్కుని, రెండు చేతులతో రెండు మూతలు పట్టుకుని కూర్చుంది. గుంట వచ్చింది. చక్రం దిగింది, చెయ్యి ఊగింది, నేను కాస్త మెలిపడి, కాస్త సాగి, మళ్ళీ నా చోటికి వచ్చాను. దెబ్బ నా దగ్గర ఆగింది. ఇంకో గుంట. ఆగింది. బొబ్బర్లంక దాటేసరికి అలవాటైంది. బ్యారేజీ మీద ఇనప అతుకులు వరసగా తగులుతుంటే నేనూ నా కవలా చెరొకవైపు తాళం వేశాం. కాస్త సందుంటే గోదావరిని చూసేవాణ్ణి. నా చుట్టూ ఉన్నది చక్రం గూడు నల్లదనమే. నీళ్ళ వాసన మాత్రం వచ్చింది.

పెళ్ళిపందిరి వెనక, గాడిపొయ్యిల పక్కన భద్రం నిలబడి ఉన్నాడు. తాయారు డబ్బా దింపింది. మూత ఆవిడ తీయలేదు. ఆయన్నే తీయమంది. ఆయన రెండు వేళ్ళతో పైరేకు ఎత్తి, పందిట్లో అప్పుడే వెలిగిన దీపానికి అడ్డం పెట్టాడు. అడుగునున్నది చెయ్యి పెట్టి తీశాడు. దాన్నీ అలాగే చూశాడు.

"ఎలా తెచ్చేవమ్మాయ్ ఇంత దూరం? తల మీద పెట్టుకుని నడిచొచ్చేవా?"

"కారులోనేనండి."

"ఏం కారది? విమానమా?" అని నవ్వి, పందిట్లోకి తిరిగి గట్టిగా అరిచాడు. "ఒరేయ్, చుట్టేచోట బోర్డు మీద పేరు రాయండి. ఏం పేరమ్మా నీది?"

"మంగతాయారండి," అంది. ఆ పేరు పక్కన కాస్త కింద నాది కూడా రాస్తారేమోనని చెవి రిక్కించాను. రాయలేదు. పోసిబాబు తన పేరు కూడా రాయమని అడిగాడు, అదీ రాయలేదు. దాంతో నాకు కొంత ఊరట.

వచ్చేటప్పుడు డబ్బాలు ఖాళీ. పోసిబాబు ముందు సీట్లో కూర్చుని, బురద ఎండిన చేతులు ఊపుతూ, మెకానిక్కు శబరిమల నుంచి రాగానే రిపేరు షాపు తనకే అప్పగించి వెళ్ళిపోతాడని చెబుతున్నాడు. ఆ మాటలు వింటూ నాకు కొంచెం అసూయ వేసింది. కోతల్లో నన్ను మించేవాడు ఉన్నాడని అప్పటిదాకా తెలియదు. తాతబ్బాయి ఊఁ కొడుతున్నాడు. బ్యారేజీ దాటి గట్టు రోడ్డు ఎక్కగానే అతను అద్దంలో వెనక్కి చూసి, "మెల్లగా మాట్లాడరా," అన్నాడు. తెల్లవారుజామునుంచీ పొయ్యి దగ్గర కూర్చున్న మనిషి, రెండు డబ్బాల మధ్య తల వాల్చి నిద్రపోతోంది.

ముందు పెద్ద గుంట ఉంది. తాతబ్బాయి కూడా దాన్ని చూడలేదు. నాకు చక్రం చెప్పింది. ఇరుగ్గా, నల్లగా, ఇనుము మధ్య ఉన్నచోటే ఉండి, నేను ఒళ్ళు బిగబట్టాను.

ఆవిడ లేవలేదు.